కాంట్రాక్టరు రాకపోతే టేపు తీయండి



బాత్రూములో పాత టైల్సు పగలగొట్టించి, వంటగది అరుగు ఊడదీయించి, ఒప్పుకున్న డబ్బులో సగం చేతిలో పెట్టాక కాంట్రాక్టరు కనబడకుండా పోయిన ఇల్లు మీ వీధిలో ఒకటైనా ఉండే ఉంటుంది. ఇవాళ్టి నా మాటలు ముఖ్యంగా ఆ ఇంటివాళ్ళకి. ఇంకా అడ్వాన్సు ఇవ్వనివాళ్ళు కూడా వినొచ్చు. వాళ్ళ పని ఇంకా తేలిక.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రభుత్వ భవనాల పనులు చూశాను. మేం కట్టించినవన్నీ గడువులోగా పూర్తయ్యాయంటే మీరు రేడియో కట్టేస్తారు, కాబట్టి ఆ మాట అనను. కానీ డబ్బిచ్చే దగ్గర మాత్రం మాకొక గట్టి పద్ధతి ఉండేది. దాన్ని ఎం-బుక్ అంటాం, అంటే కొలతల పుస్తకం. కాంట్రాక్టరు ఎంత పలుకుబడి ఉన్నవాడైనా సరే, గోడ ఎంత పొడుగు లేచింది, ఎంత ఎత్తు వచ్చింది, పూత ఎన్ని చదరపు మీటర్లు పడింది, ఇదంతా టేపు పట్టి కొలిచి ఆ పుస్తకంలో ఎక్కిస్తే తప్ప బిల్లు కదలదు. పేజీలకు నంబర్లుంటాయి, చించడానికి వీల్లేదు. దిద్దితే పక్కన సంతకం పెట్టాలి. కింది ఇంజనీరు కొలిచినదాన్ని పై ఇంజనీరు వచ్చి మళ్ళీ సరిచూస్తాడు. కేంద్ర ప్రజా పనుల శాఖలో పెద్ద పనులకు ముందస్తు సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉంది. అది కూడా పని విలువలో 10 శాతానికి మించదు, పైగా దానికి కాంట్రాక్టరు బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. మన ఇళ్ళల్లో పని దగ్గరకు వచ్చేసరికి కాంట్రాక్టరు 50 శాతం ముందు ఇమ్మంటాడు, మనం ఫోను తీసి అక్కడికక్కడే పంపించేస్తాం. తెల్లకాగితం మీద ఓ సంతకం కూడా అడగం. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం.

ఆ అడ్వాన్సు ఎక్కడికి పోతుందో ముందు తెలుసుకోవాలి. మీ ఇంటి సిమెంటుకీ, మీ ఇంటి పైపులకీ పోతుందని మీరనుకుంటారు. చిన్న కాంట్రాక్టరు చేతిలో సొంత పెట్టుబడి ఉండదు. ఇంతకుముందు ఒప్పుకున్న ఇంట్లో పని ఆగిపోయి ఉంటుంది, అక్కడి ఓనరు రోజూ ఫోను చేసి తిడుతుంటాడు, పాత కూలీలు శనివారం బట్వాడా కోసం కాచుకుని ఉంటారు. మీ డబ్బు అక్కడికి పోతుంది. మీ ఇంటి పని కదలాలంటే ఇంకో ఇంటి అడ్వాన్సు రావాలి. చిట్టీలో మొదటి నెలే పాట పాడుకుని, మిగతా నెలల వాయిదాలకు అప్పులు చేస్తూ తిరిగే మనిషి పరిస్థితి అది. వీళ్ళలో అందరూ మోసగాళ్ళు కారు. చేయగలిగినదానికి మించి పనులు ఒప్పుకుని మునిగిపోయినవాళ్ళే ఎక్కువ. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీ డబ్బు ఎలా రాబట్టుకోవాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మునిగిపోయినవాడి దగ్గర వాయిదాల్లోనైనా వసూలవుతుంది. మొదటినుంచీ మోసం చేద్దామని వచ్చినవాడి సంగతి వేరు.

విజయవాడలో నాకు తెలిసిన టీచరుగారొకరున్నారు, రిటైరయ్యారు. పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. రెండు బాత్రూముల నుంచీ కింది ఫ్లాటు సీలింగులోకి చెమ్మ దిగుతోందని కిందివాళ్ళు గొడవ. పక్క ఫ్లాటుకి రంగులు వేసిన పెయింటరు ఒక కాంట్రాక్టరుని తీసుకొచ్చాడు. రెండు బాత్రూములూ మెటీరియల్‌తో సహా 4,20,000కి కుదిరాయి. అడ్వాన్సు 2 లక్షలు. లక్షన్నర ఫోన్లో పంపారు, యాభై వేలు నోట్లు ఇచ్చారు. మర్నాడు నలుగురు మనుషులు సుత్తులూ ఉలులూ పట్టుకుని దిగి, సాయంత్రానికి రెండు బాత్రూములూ ఇటుక కనబడేదాకా కొట్టేశారు. మెట్ల మీద చెత్త బస్తాలు. టీచరుగారు బకెట్టూ సబ్బుపెట్టె పట్టుకుని ఎదురు ఫ్లాటుకి స్నానానికి వెళ్ళడం మొదలైంది. ఇంకో రెండు రోజులకి ప్లంబరు వచ్చి ఒక బాత్రూము గోడలో పైపులు వేశాడు. అంతే, పని అక్కడితో ఆగింది.

ఆ తర్వాత ఫోన్లు. "మీ పనే ముందండీ టీచరుగారూ, రేపు ఏడింటికల్లా మనుషులు దిగిపోతారండీ." ఆ రేపు వచ్చాక, "కుర్రాళ్ళు పండక్కి ఊరెళ్ళారండీ." తర్వాత, "టైల్స్ లోడు ఇంకా దిగలేదండీ." కొన్నాళ్ళకి ఫోను ఎత్తడం మానేశాడు. ఆవిడ వేరే నంబరు నుంచి చేస్తే ఎత్తి, ఏమాత్రం తొణక్కుండా అన్నాడు: "ఇంకో అరవై వేలు వెయ్యండమ్మా, రేపే టైల్సు దింపేస్తా."

జాగ్రత్తగా ఉండాల్సింది ఈ మాట దగ్గర. ఇంట్లో బాత్రూము లేదు, మనిషికి విసుగొచ్చేసింది, ఇంకో అరవై వేలతో పని అయిపోతుందంటే ఇచ్చేద్దామనిపిస్తుంది. పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇచ్చిన అడ్వాన్సుకి సరిపడా పని లేచేదాకా ఇంకొక్క రూపాయి కదపకూడదు. "నీ మెటీరియల్ ఏదో చెప్పు, షాపుకి నేనే కడతాను, బిల్లు నా పేరు మీద రాయించు" అనండి. నిజంగా మెటీరియల్ కోసమే అడిగినవాడు సరేనంటాడు. డబ్బు ఇంకో ఇంటికి కావలసినవాడు నసుగుతాడు. అతని మనసులో ఏముందో ఆ ఒక్క మాటతో బయటపడుతుంది.

టీచరుగారు అరవై వేలూ పంపబోతూ నాకు ఫోను చేశారు. నేను టేపు తీసుకుని వెళ్ళాను. ఒక్కో బాత్రూమూ ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. గోడలు ఏడడుగుల ఎత్తు వరకూ కొట్టారు. చుట్టుకొలత ఇరవై ఆరు అడుగులు, తలుపు తీసేస్తే గోడ సుమారు 165 చదరపు అడుగులు, నేల 40. రెండూ కలిపి 205, రెండు బాత్రూములకి 410. పాత టైల్సు కొట్టినందుకు అడుగుకి 30 రూపాయల చొప్పున 12,300. చెత్త కిందికి దింపి బండిలో ఎత్తించినందుకు 8,000. గోడలో వేసిన సీపీవీసీ పైపులూ వాటి ఫిట్టింగులూ లెక్కపెడితే 14,000, ప్లంబరు కూలీ 9,000. హాల్లో మిగిలున్న సిమెంటు బస్తాలూ ఇసుకా 5,700. మొత్తం 49,000. అదంతా తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, ఎదురు ఫ్లాటాయన చేతా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి చేతా సంతకాలు పెట్టించాం. ప్రతి గోడ దగ్గరా టేపు కనబడేలా ఫోటోలు తీశాం. 2 లక్షల్లో 49,000 పోగా 1,51,000. అంతవరకూ టీచరుగారి దగ్గర ఉన్నది కోపమూ, బాధా. ఆ కాగితం తయారయ్యాక ఒక అంకె వచ్చింది.

కొలిచేటప్పుడు ఉదారంగా కొలవండి. రేటు కాస్త ఎక్కువే వేయండి. కాంట్రాక్టరుకి రావలసిన పది రూపాయలు మీరు ఎగ్గొట్టినట్టు కనబడితే రేపు ఎవరి ముందు కూర్చున్నా మీ మాట పలచబడుతుంది. ఇంకొకటి, ఇది కొత్త మేస్త్రీ ఇంట్లో అడుగు పెట్టకముందే జరగాలి. కొత్తవాడు వచ్చి రెండు గోడలు పూత వేశాడంటే పాతవాడు ఎంత చేశాడో చెప్పడానికి సాక్ష్యమే ఉండదు. అన్నట్టు, కొత్త మేస్త్రీ ఎవరొచ్చినా గుమ్మంలో నిలబడి ముందు అనే మాట ఒకటే: "ఎవడండీ ఈ పని చేసింది?" దానికి పొంగిపోయి పాతవాడి మీద ఇంకో రెండు వేలు కలపకండి. వీలైతే సంబంధం లేని ఇంజనీరు చేత కొలిపించి, ఆయన లెటర్‌హెడ్డు మీద రాయించుకోండి. తర్వాత దానికి విలువ ఉంటుంది.

అంకె వచ్చాక కాంట్రాక్టరుకి రాయాలి. మాట్లాడటం కాదు, రాయడం. టీచరుగారి చేత వాట్సాప్‌లో మేం పంపించింది దాదాపు ఇలా ఉంటుంది. "మా ఇంటి రెండు బాత్రూముల పని 4,20,000కి ఒప్పుకుని మీరు 2,00,000 తీసుకున్నారు. పని ఆగిపోయింది. మీరు చేసిన పని, ఇంట్లో ఉన్న సామాను కొలిచాం, విలువ 49,000. కొలతల కాగితం దీంతో పంపుతున్నాం. తప్పుంటే వచ్చి మా ఎదుట కొలిచి చూపించండి. 15 రోజుల్లోగా పని మొదలుపెట్టండి, లేదా మిగిలిన 1,51,000 తిరిగివ్వండి." అందులో తిట్టు లేదు, శాపం లేదు, కొడుకు పోలీసు శాఖలో ఉన్నాడన్న బెదిరింపు లేదు. ఇదే మళ్ళీ కాగితం మీద రాసి, అందినట్టు రుజువు దొరికేలా పోస్టులో పంపాం.

దానికి జవాబొచ్చింది. టైల్స్ షాపులో తన పేరు మీద 10,000 కట్టానని రసీదు ఫోటో పెట్టాడు. షాపుకి వెళ్ళి అడిగితే నిజమేనన్నారు. ఆ పదివేలూ అతని ఖాతాలోనే వేసి, రావలసింది 1,41,000 అని మళ్ళీ రాశాం. ఇక్కడ అతను తనకు తెలియకుండానే ఒప్పేసుకున్నాడు. అడ్వాన్సు తీసుకోలేదనే మాట ఇక అనలేడు. నోట్లుగా ఇచ్చిన యాభై వేలకి కాగితం లేదు గానీ, అతనే అప్పట్లో "అమ్మగారూ 50 అందినయ్" అని పెట్టిన మెసేజ్ ఫోన్లో ఉంది. అందుకే చెబుతున్నాను, ఫోను మార్చినా ఆ సంభాషణ చెరిపేయకండి. ఫోన్లోని మెసేజ్‌లు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయి, కాకపోతే చట్టం అడిగే ధ్రువపత్రం జతచేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ దాని గురించే. స్క్రీన్‌షాట్లు తీసుకుని ఊరుకోకుండా అసలు ఫోనుని భద్రంగా ఉంచుకోండి.

ఈ దశలో చాలామంది చేసే పనులు రెండున్నాయి, రెండూ వద్దు. ఒకటి, కాంట్రాక్టరు వదిలి వెళ్ళిన టైల్స్ కట్టరో, డ్రిల్లింగు మెషీనో తాళం వేసి దాచేయడం. దాంతో ఫిర్యాదు చేయడానికి అతనికీ ఒక కారణం దొరుకుతుంది. వాటిని కూడా కాగితంలో రాసి, వచ్చి తీసుకెళ్ళమని చెప్పండి. రెండోది, నేరుగా పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తడం. "ఇది సివిల్ వ్యవహారం" అని అక్కడ చెబితే కోపగించుకుంటాం గానీ, ఆ మాటకు ఆధారం ఉంది. ఒప్పందం తప్పినంత మాత్రాన అది మోసం కాదనీ, మోసం కావాలంటే డబ్బు తీసుకున్ననాడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలనీ సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. దొంగ చిరునామా ఇచ్చాడనో, దొంగ బిల్లులు చూపించాడనో, ఒకే వారంలో పదిమంది దగ్గర వసూలు చేసి ఎక్కడా సుత్తి కూడా పట్టలేదనో ఆధారం దొరికితే అప్పుడు వెళ్ళండి. పాత 420కి బదులు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది. అలాంటి ఆధారాలుంటే అవే పాట్లు పడిన పదిమందీ కలిసి వెళ్ళడం మంచిది.

ఇంకొందరు రెరాకి వెళ్దామంటారు. రెరా కొత్త ప్రాజెక్టులు కట్టి అమ్మే బిల్డర్ల కోసం వచ్చిన చట్టం. మీ సొంత ఇంట్లో బాత్రూము బాగుచేయించుకునే ఒప్పందం దాని పరిధిలోకి రాదు.

వెళ్ళాల్సిన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 నాటి పాత చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని చేసే పని సేవ అవుతుంది, ఆ సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. ఇళ్ళ నిర్మాణం సేవ కిందికి వస్తుందని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఆ ఏడే చట్టంలోనూ ఆ మాట చేర్చారు. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే వింటుంది. ఆ సొమ్ము 5 లక్షల లోపు అయితే దాఖలు రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు, మీరే వాదించుకోవచ్చు. ఇంటి నుంచే కంప్యూటర్లో దాఖలు చేసుకునే వీలూ ఉంది. కొలతల కాగితం, చెల్లింపుల వివరాలు, మీరు రాసిన ఉత్తరాలు జతచేయండి. ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమనీ, కొత్తవాడి చేత పూర్తి చేయించుకోవడానికి అదనంగా అయిన ఖర్చు ఇప్పించమనీ, పడిన ఇబ్బందికి పరిహారం ఇప్పించమనీ అడగొచ్చు. కమిషన్ ఆదేశం పాటించకపోతే జైలుశిక్ష కూడా ఉంది, నెల నుంచి మూడేళ్ళ దాకా.

ఇంటీరియర్ పనులు చేసే పెద్ద కంపెనీల సంగతి ఇక్కడే చెప్పాలి. అద్దాల షోరూము, కంప్యూటర్లో మీ వంటగది బొమ్మ, సులభ వాయిదాలు. సంతకం పెట్టే పత్రంలో చివర్న చిన్న అక్షరాల్లో రెండు మాటలుంటాయి. తగాదా వస్తే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనీ, ఏ బెంగళూరు కోర్టుకో రావాలనీ. ఆ మాటలు చూసి జడిసిపోకండి. మధ్యవర్తిత్వ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే హక్కు పోదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు నివాసం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. వాయిదాల మీద డబ్బు కట్టినవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పు ఇచ్చింది ఫైనాన్సు సంస్థ. కంపెనీ పని ఆపేసినా మీ ఖాతాలోంచి నెలనెలా కోత ఆగదు.

టీచరుగారి వ్యవహారం కమిషన్ దాకా వెళ్ళలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఒక అర్జీ పెట్టుకున్నారు. కేసు వేయకముందే అక్కడ ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అవార్డు రాస్తారు. ఖర్చు లేదు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాంట్రాక్టరు వచ్చాడు, తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన భార్య. "నా చేతిలో లేదు సార్, రెండిళ్ళ వాళ్ళు నాకే ఇవ్వాలి" అన్నాడు. అబద్ధం అనిపించలేదు. 1,10,000కి, మూడు వాయిదాలకి, మూడు చెక్కులకి రాజీ అయింది. 31,000 వదులుకున్నారా అని టీచరుగారి అల్లుడు ఫోన్లో గొడవ చేశాడట. నన్నడిగితే ఆవిడ చేసిందే సరైన పని. కమిషన్‌లో వాయిదాలు ఎన్నాళ్ళు నడుస్తాయో మనకి తెలియని సంగతి కాదు, ఆవిడకి కావలసింది బాత్రూము.

చెక్కులు తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. చెక్కు తిరిగొస్తే బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ లెక్కలో ఒక్కచోట తేదీ తప్పినా చిక్కే. నోటీసుని వకీలు చేత ఇప్పించడం మంచిది.

మధ్యలో ఇంకో ఇరకాటం వస్తుంది. కాంట్రాక్టరు తన కూలీలకి డబ్బివ్వకపోతే వాళ్ళు మీ గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా, బీహార్ నుంచో పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు. మీ ఇంట్లో చెమటోడ్చినవాళ్ళు. కాంట్రాక్టరుని అడుక్కోండి పొమ్మని తలుపు వేయకండి. ఎన్ని రోజులు పనిచేశారో రాసుకుని, ఇవ్వగలిగింది ఇచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఇచ్చిన సంగతి కాంట్రాక్టరుకి అప్పుడే మెసేజ్ పెట్టి, అతని లెక్కలో వేయండి.

కాంట్రాక్టర్ల తరఫున కూడా ఓ మాట చెప్పకపోతే అన్యాయం. పనంతా అయ్యాక చివరి లక్ష ఎగ్గొట్టే ఇంటి యజమానులు మన దగ్గర తక్కువేం కాదు. ఒప్పుకున్నది తెల్ల టైలు, పని సగంలో ఉండగా చెల్లెలి ఇంట్లో చూసొచ్చి చెక్క రంగు టైలు కావాలంటారు. అరుగు రెండంగుళాలు పెంచమంటారు. రేటు మాత్రం పాతదే. అందుకే వాళ్ళు ముందే సగం లాగేద్దామని చూస్తారు. అదనపు పని చెప్పిన ప్రతిసారీ దాని రేటు కూడా అప్పుడే రాసుకుంటే ఇరువైపులా గొడవ సగం తగ్గుతుంది.

ఇక ఇంకా అడ్వాన్సు ఇవ్వనివాళ్ళకి. ఇంట్లో రెండు బాత్రూములుంటే రెండూ ఒకేసారి కొట్టనివ్వకండి. ఒకటి పూర్తిగా అయ్యి, వాడుకలోకి వచ్చాకే రెండోదానికి సుత్తి. డబ్బుని దశలకి ముడిపెట్టండి. చెత్త ఎత్తాక కొంత, పైపులు వేసి ప్రెషర్ పెట్టి చూశాక కొంత. వాటర్‌ప్రూఫింగ్ చేశాక నేలంతా నీళ్ళు కట్టి 48 గంటలు నిలపమనండి. మూడో రోజు కింది ఫ్లాటాయన్ని పిలిచి ఆయన సీలింగు చూడండి. పొడిగా ఉంటేనే టైల్స్ వేయాలి, ఆ దశ డబ్బు ఇవ్వాలి. చివరి పదో వంతు నెల రోజులు వాడి చూశాక ఇస్తామని ముందే రాసుకోండి. వడ్రంగి పనైతే ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. నీళ్ళు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్నది కావాలి, ఐఎస్ 303 మామూలు రకం. రేటు మొదటి రకానికి చెప్పి రెండోది బిగించడం కొత్తేం కాదు. అడ్వాన్సు పదో వంతు, మహా అయితే ఐదో వంతు. అంతకు మించి అడిగితే మెటీరియల్ నేనే కొనిస్తానని చెప్పండి.

ఈ మాట పిసినారితనంగా అనిపిస్తే, మనవాళ్ళు బోలెడంత మంది స్థిరపడిన కాలిఫోర్నియా సంగతి వినండి. అక్కడ ఇంటి మరమ్మతుల కాంట్రాక్టరు సాధారణంగా ఒప్పంద మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానికి మించి ముందుగా తీసుకోకూడదు. అది చట్టం. తీసుకుంటే లైసెన్సుకే ఎసరు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి పరిమితి లేదు. అక్కడ అంత కట్టుదిట్టంగా ఉండే అబ్బాయే ఇక్కడ తెనాలిలోనో ఖమ్మంలోనో అమ్మానాన్నల ఇల్లు బాగుచేయించాలని, కాంట్రాక్టరు ముఖమైనా చూడకుండా వీడియో కాల్‌లో మాట్లాడి 5 లక్షలు పంపిస్తాడు. అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీకు రెండు మాటలు. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి పోయిందో తేటగా ఉండేలా పంపండి. తగాదా వస్తే మీరు సెలవు పెట్టుకుని రానక్కర్లేదు. మీరు డబ్బు కట్టినా, మీ అనుమతితో ఆ సేవ పొందేది మీ అమ్మానాన్నలు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్ళూ వినియోగదారులే, వాళ్ళ పేరు మీదే ఫిర్యాదు వేయొచ్చు.

పని ఆగిపోయి నెలలు గడుస్తున్నా "ఇవాళ కాకపోతే రేపు వస్తాడులే" అని కూర్చున్నవాళ్ళకి ఇది చివరి మాట. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి తగాదా పుట్టిన రోజు నుంచి రెండేళ్ళే గడువు. అతని ఫోను కోసం ఎదురుచూసిన నెలలు కూడా ఆ రెండేళ్ళలోకే వస్తాయి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. పెన్ను దగ్గరుంటే రెండూ ఇప్పుడే రాసుకోండి.